క్లార్నెట్‌కు పెట్టిన ఆముదం

నా చిన్నప్పుడు నేను చెప్పిన ఒక అబద్ధానికి మా తాతయ్య నోట్లోంచి ఒక పన్ను పోయింది. పన్నుతో పాటు ఇంకా ఏమేం పోయాయో మెల్లగా చెబుతాను. అబద్ధం పెద్దదేమీ కాదు. "నాకు రాలే తాతా" అన్నాను, అంతే. ఇప్పుడు నా వయసు ఆనాటి తాతయ్య వయసును దాటిపోయింది. నా పళ్ళు కూడా ఒకటొకటే కదులుతున్నాయి. కదిలే పన్నుకు నాలుక తగిలినప్పుడల్లా ఆ మాట మళ్ళీ నా నోట్లోకి వస్తుంది.

మా ఊరు వనపర్తికి దగ్గరే. అమ్మా నాన్నా ఏడాదిలో ఎక్కువ కాలం ఎక్కడో డ్యాము కట్టేచోట మట్టి పనిలో ఉండేవారు. నేను మా అమ్మ తండ్రి దగ్గర పెరిగాను. అవ్వ నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో మేమిద్దరమే. మా ఇంట్లో తోలు పని, మేళం పని రెండూ ఉండేవి. ఎండాకాలం పెళ్ళిళ్ళలో తాతయ్య క్లార్నెట్ వాయించేవాడు, మిగిలిన రోజుల్లో చెప్పులు కుట్టేవాడు, చెడిపోయిన వాయిద్యాలు వస్తే బాగు చేసేవాడు. ఆదివారం ప్రార్థనలో పాటలకు ముందు స్వరం పట్టేదీ ఆయనే. ఒకే వసారాలో ఒక మూల తోలు కోసే పలక, ఇంకో మూల మేకుకు వేలాడే క్లార్నెట్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రెండు వాసనలు కలిసే ఉండేవి.

తాతయ్య చెప్పులకు చుట్టుపక్కల మంచి పేరుండేది. కొత్త చెప్పులు నడిస్తే కిర్రుమంటాయి. పెళ్ళికొడుకులకు ఆ కిర్రు కావాలి. నలుగురూ తిరిగి చూడాలని అడిగి మరీ కుట్టించుకునేవారు. పెద్దమనుషులు మాత్రం వారం తిరగకముందే తెచ్చి ముందర పడేసేవారు. అప్పుడు తాతయ్య నన్ను పిలిచి ఆముదం గిన్నె, కోడి ఈక చేతికిచ్చేవాడు.

"తోలు ఎండితెనే ఒర్లుతది బిడ్డా. జర తాగిపియ్యి, ఊకుంటది" అనేవాడు.

నేను ఈకతో కుట్ల సందుల్లో ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాణ్ణి. మర్నాటికి కిర్రు పోయేది. నాకు చేతనైన పని అదొక్కటే. అందుకే దానిమీద నాకు చాలా నమ్మకం.

ఆ సంగతి జరగడానికి కొన్నేళ్ళ ముందు తాతయ్య క్లార్నెట్ విరిగిపోయింది. అయిజ వైపు ఒక పెళ్ళిలో వాయించి లారీ మీద తిరిగివస్తుంటే కింద పడి, వెనక చక్రం కింద నలిగింది. ఆ బ్యాండు గద్వాలలో ఉండే ఒక మాస్టర్ సాబ్‌ది. ఆయన మంచివాడే, తాతయ్యను మేళంలోంచి తీసేయలేదు. కాని క్లార్నెట్ లేనివాడు ముందు వరుసలో ఎలా నడుస్తాడు? వెనక వరుసలో తాళాలు కొట్టే పని ఇచ్చాడు. తాతయ్య తాళాలు పట్టుకున్నాడు. ఊరేగింపులో ఆయన వెనక నడవడం నేను చూశాను. తాళాలు కొడుతూనే ఉండేవాడు, కాని వేళ్ళు ఆ ఇత్తడి మీద క్లార్నెట్ పాటకు తగ్గట్టు లేచి పడుతుండేవి.

వనపర్తిలో ఒక ముసలి బేగంకు తాతయ్య ఏళ్ళ తరబడి చెప్పులు కుట్టి ఇచ్చాడు. ఆమె భర్త సంస్థానం రోజుల్లో రాజుగారి బ్యాండులో వాయించినవాడట. ఒకనాడు ఆమె పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన క్లార్నెట్ తీసి తాతయ్య ముందు పెట్టింది. "మా ఇంట్ల ఊదెటోళ్ళు లేరు. ఎలుకలు కొరుకుడు కంటె నువ్వు తీస్కపో" అంది. తాతయ్య ఆ మూటను బస్సులో ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. కిటికీ పక్కన చోటు ఖాళీ అయినా జరగలేదు.

ఇల్లు చేరాక విప్పి చూస్తే చెక్క పగుళ్ళిచ్చింది. మీటల కింద రంధ్రాలు మూసే గుండ్రటి తోళ్ళను పురుగు తినేసింది. మీటలను లేపే సన్నని తీగలు తుప్పుపట్టి విరిగాయి. వానాకాలం, పెళ్ళిళ్ళు లేవు. తాతయ్య ఆ కాలమంతా దానితోనే గడిపాడు. పగుళ్ళలో లక్క కరిగించి పోశాడు. విరిగిన తీగల బదులు కుట్టుసూదులు కోసి పెట్టాడు. పాత గొంగడిలోంచి గుండ్రంగా బిళ్ళలు కత్తిరించి, వాటిమీద పలుచగా గీరిన మేకపిల్ల తోలు తొడిగి, మీటల కింద లక్కతో అంటించాడు. ముక్కలు ఒకదానిలో ఒకటి దిగేచోట దారం చుట్టి మైనం పూశాడు. చెక్కకు కొంచెం పల్లినూనె పట్టించాడు. ఆ పల్లినూనె పట్టించేటప్పుడు గుడ్డ పట్టుకున్నది నేనే.

అంతా బిగించాక మొదటిసారి ఊదాడు. స్వరంతోపాటు దానిలోంచి ఏవేవో చప్పుళ్ళు వచ్చాయి. నాకు నవ్వొచ్చింది. తాతయ్య నవ్వలేదు. కళ్ళు మూసుకొని ఇంకోసారి ఊదాడు.

అప్పటి నుంచి మొదలైంది ఆయన వెతుకులాట. ఏ చప్పుడు దేనివల్ల వస్తుందో ఒక్కొక్కటే పట్టుకునేవాడు, రెంటిని ఎప్పుడూ కలపలేదు. దేనికైనా ముందు తనను తాను చూసుకునేవాడు. నోరు పుక్కిలించి, పెదవి సర్దుకొని, వేళ్ళు రంధ్రాల మీద సరిగ్గా ఉన్నాయో లేదో తడిమి, అప్పుడు ఊదేవాడు. అయినా చప్పుడొస్తే నోటి దగ్గరుండే సన్నని బద్దను, రీడును, మార్చేవాడు. ఆ తర్వాతనే అతుకులు, ఆ తర్వాత తోళ్ళు, అన్నిటికన్నా చివర చెక్క.

"సామానును తిట్టుడు అల్కటి పనే. గది నోరు తెరిచి కాదనదు గద" అన్నాడొకసారి, నేను ఇది పాడు క్లార్నెట్ అన్నప్పుడు.

సుస్సుమనే చప్పుడు గాలి కారడం వల్ల వస్తుందని కనిపెట్టడానికి బీడీ ముట్టించాడు. కింది రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, పైనుంచి బీడీ పొగ లోపలికి ఊదాడు. ఒక అతుకు దగ్గర సన్నగా పొగ లేచింది. "అగో, దొంగ" అన్నాడు. ఆ అతుకుకు ఇంకో చుట్టు దారం పడింది, సుస్సు పోయింది. గుడగుడమనే చప్పుడు ఉమ్మి ఒక రంధ్రంలో నిలవడం వల్ల. ఆ రంధ్రం పక్కగా లోపల సన్నని నూనె గీత గీశాడు, తడి పక్కకు జారిపోయేలా. టకటకమనేది మీటలు చెక్కకు తగలడం. సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాడు. ఒక్కొక్క చప్పుడు పోయినప్పుడల్లా ఆయన ముఖం తేటపడేది. అలా చూడటం నాకు కొత్త.

చివరకు ఒక్కటి మిగిలింది. కింది స్వరాల నుంచి పై స్వరాలకు ఎక్కేచోట, ఎప్పుడో ఒకసారి, కీస్‌మని చిన్న కూత. రీడును గాజు పెంకుతో గీరి పలుచన చేశాడు. తగ్గిందిగాని పోలేదు. "రేపు జూస్త" అని మేకుకు తగిలించాడు.

మర్నాడు పక్క ఊళ్ళో ప్రార్థన సంఘం పెద్ద ఒకాయన చనిపోయాడు. తాతయ్య మట్టికి పోయాడు. నేనొక్కణ్ణే వసారాలో ఉన్నాను. క్లార్నెట్ దించి మీటలు ఒకటొకటే లేపి చూశాను. కింద ఉన్నది తోలే. ఎండిన, కొత్త తోలు. తోలు ఎండితెనే ఒర్లుతది. నాకు ఇంకేమీ ఆలోచించాల్సిన పని కనబడలేదు. గూట్లోంచి ఆముదం గిన్నె తెచ్చి, కోడి ఈకతో ప్రతి మీట కిందా పట్టించాను. పైకి కారినది గుడ్డతో తుడిచి, ఉన్నదున్నట్టు మేకుకు తగిలించాను. ఆయన ఊదినప్పుడు కూత రాకపోతే చెబుదామనుకున్నాను.

ఇంతవరకూ నేను చేసిన దానికి నన్ను నేను పెద్దగా తప్పు పట్టుకోను. తెలియక చేశాను, ప్రేమతో చేశాను. తప్పు దీని తర్వాతది.

ఆ సాయంత్రం తాతయ్య ఊదితే కూత రాలేదు. నూనె తడికి తోలు రంధ్రాన్ని గట్టిగా అంటుకుంది కాబోలు, పాట కింది నుంచి పై దాకా నున్నగా ఎక్కింది. ఆయన ఒక పెళ్ళి పాట మొదటినుంచి చివరిదాకా వాయించాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. పక్కింటి అక్క చేటతోనే బయటికి వచ్చి, "మామా, మళ్ళ ముందల వరుసలకేనా?" అని అడిగింది. తాతయ్య తల వంచుకొని నవ్వాడు. మర్నాడు గద్వాల పోయే ఒకతని చేత మాస్టర్ సాబ్‌కు కబురు పంపాడు: క్లార్నెట్ సిద్ధమైంది, ఈ పెళ్ళిళ్ళకు వస్తానని. ఆముదం సంగతి నేను చెప్పలేదు. ముందు వరుసలో నిలబడ్డ రోజున చెబితే ఇంకా గొప్పగా ఉంటుందని దాచుకున్నాను.

కొన్ని రోజులకు తోలు ఆముదం తాగి ఉబ్బింది. తోలు కిందున్న గొంగడి బిళ్ళ కూడా తాగింది. లక్క జారింది. ఏ రంధ్రమూ సరిగా మూయకుండా పోయింది. అప్పుడు వచ్చిన కూత మునుపటిది కాదు. ఎక్కడపడితే అక్కడ, మేకపిల్ల గొంతు పట్టుకున్నట్టు అరిచేది. తాతయ్య ఉలిక్కిపడి ఆపాడు. నేను తలుపు చాటుకు పోయాను. నాకు వెంటనే తెలిసింది ఎందుకో.

ఆయన తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. నోరు కడుక్కున్నాడు. పెదవి సర్దుకున్నాడు. వేళ్ళు చూసుకున్నాడు. రీడు మార్చాడు. అతుకులు, తోళ్ళ దాకా వెళ్ళేముందు ఆగిపోయాడు, ఎందుకంటే వాటిని పొగ పెట్టి చూసి ఎన్నో రోజులు కాలేదు. మిగిలిన పరీక్ష ఒక్కటే, ఇంకో నోరు. ఇంకొకరు ఊదినా కూస్తే తప్పు క్లార్నెట్‌ది, కూయకపోతే తప్పు తనది. ఆ ఊళ్ళో క్లార్నెట్ పట్టుకోవడం తెలిసిన ఇంకో నోరు నాదే. సరదాకు నాకు నాలుగు స్వరాలు నేర్పి ఉన్నాడు.

"మన బర్రె చేన్ల పడ్డట్టుంది, తోల్కొస్త. నువ్వు నేను చెప్పిన స్వరాలు మెల్లగ ఊది జూడు. కూస్తదో లేదో చెప్పు" అని నా చేతికిచ్చి పోయాడు.

నేను ఊదాను. కూసింది. మళ్ళీ ఊదాను, మళ్ళీ కూసింది. ఆయన బర్రెను తోలుకొస్తూ దూరంగా కనబడగానే క్లార్నెట్ ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. కూసిందని చెబితే మీటలు విప్పుతాడు. విప్పితే ఆముదం కనబడుతుంది. నాకు అంతవరకే తట్టింది.

"ఏమైంది బిడ్డా, కూత వచ్చిందా?"

"నాకు రాలే తాతా."

ఆయన రెండోసారి అడగలేదు. నా చేత మళ్ళీ ఊదించనూ లేదు. అడిగి ఉంటే, ఊదించి ఉంటే, అని నేను చాలా ఏళ్ళు తప్పును ఆయన మీదికి తోసేద్దామని చూశాను. ఆయన అడగకపోవడానికి కారణం నామీద నమ్మకం. ఆ నమ్మకాన్ని కూడా ఆయన తప్పుగా లెక్క కట్టినవాణ్ణి నేను.

బర్రెను కట్టేసి, చెంబులో నీళ్ళు తెచ్చుకొని, తాతయ్య గడప మీద కూర్చున్నాడు. వేలితో పై పళ్ళు ఒకటొకటే కదిపి చూసుకున్నాడు. ముందు పన్ను ఒకటి కొంతకాలంగా కదులుతోంది. క్లార్నెట్ ఊదేవాడు పై పళ్ళను దాని నోటి ముక్క మీద ఆనించాలి. పన్ను కదిలితే పట్టు కదులుతుంది, పట్టు కదిలితే కూత వస్తుంది. "అయితె గిదే" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. దొంగ దొరికినప్పుడు అన్న గొంతూ కాదు అది.

మర్నాడు వనపర్తి బయలుదేరాం. ఒంటరిగా నన్ను వదలడం ఇష్టం లేక నన్నూ తీసుకెళ్ళాడు. బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. చెప్పడానికి అంత దారి ఉంది. పల్లిచేన్లు వెనక్కిపోతుంటే, ఆ ఊరు దాటాక చెబుదాం, ఈ వాగు దాటాక చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. కండక్టరు తాతయ్యకు తెలిసినవాడు. "ఏం పెద్దాయనా, గింత పొద్దుగాల ఏడికి?" అన్నాడు.

"పన్ను పీకిచ్చుకుంటందుకు."

"నొస్తుందా?"

"నొస్తలేదు. అడ్డమొస్తుంది."

కండక్టరు నవ్వి, నొయ్యని పన్ను పీకించుకునే మనిషిని మిమ్మల్నే చూశానన్నాడు. తాతయ్య కూడా నవ్వాడు. ఆ పన్ను కనబడేలా ఆయన నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

అంగట్లో పళ్ళు పీకే మనిషి ముందు తాతయ్యను గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. నేను తాతయ్య చెయ్యి పట్టుకున్నాను. ఆయన నేను భయపడుతున్నాననుకొని, తనే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికి కూడా నోరు తెరిస్తే సరిపోయేది. ఆ మనిషి పట్టకారు లోపలికి పెట్టాడు. పన్ను అనుకున్నంత వదులుగా లేదు. వచ్చేటప్పుడు పక్క పన్ను కూడా కదిలింది. తాతయ్య మట్టిలో ఎర్రగా ఉమ్మి, పైపంచెతో నోరు అద్దుకొని, ముందు నాకు గుడాలు కొనిచ్చాడు. ఆకులో పెట్టిచ్చిన ఆ ఉడికిన గింజలను నేను అలాగే చేతిలో పట్టుకొని బస్సెక్కాను.

చిగుళ్ళు మానాక, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, తాతయ్య క్లార్నెట్ దించాడు. ఊదితే స్వరం కాదు, గాలి వచ్చింది. పన్ను పోయిన సందులోంచి ఒక పక్కకు కారిపోయింది. పక్క పన్ను కూడా అదిరింది. పెదవి లోపలికి మడిచి చూశాడు. గుడ్డ ముక్క పెట్టి చూశాడు. ఇంకో పక్కకు తిప్పి పట్టుకొని చూశాడు. గాలికి తోడు ఆ మేకపిల్ల కూత. కాసేపటికి క్లార్నెట్‌ను బేగం ఇచ్చిన గుడ్డలోనే చుట్టాడు.

కబురు అందుకున్న మాస్టర్ సాబ్ పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు స్వయంగా వచ్చాడు. తాతయ్యను చూసి, "క్యా చిచ్చా, నోరేంది గట్లయింది?" అన్నాడు. తాతయ్య జరిగింది చెప్పి, గుడ్డ విప్పి క్లార్నెట్ ఆయన చేతిలో పెట్టాడు. "సామాను మంచిది సాబ్. నా నోరే పోయింది. ఎవలన్న వయసు పిలగానికియ్యి" అన్నాడు.

మాస్టర్ సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, నోటికి పెట్టి ఊదాడు. కూసింది. కనుబొమలు ముడిచి మళ్ళీ ఊదాడు. మళ్ళీ కూసింది. ఆయన నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి.

"చిచ్చా, గిది నీ నోటిది కాదు" అన్నాడు మెల్లగా. మీట లేపి వేలు పెట్టి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఆముదం. తోళ్ళకు ఆముదం బెట్టిందెవరు?"

తాతయ్య నావైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపున్నదో నాకు తెలియదు. నేను కిందికి చూస్తున్నాను, నా కాలివేళ్ళు మట్టిలోకి పోతున్నాయి. చెప్పాలనే ఉంది.

"నేనే సాబ్" అన్నాడు తాతయ్య. "చెప్పులకు బెడుతుంటం గద. గా అలవాటుల పెట్టినట్టున్న. యాదికి లేదు."

మాస్టర్ సాబ్ జాలిగా తాతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేయడం నేను మరవలేను. అప్పటిదాకా తాతయ్య నోరు పోయిన కళాకారుడు. ఆ క్షణం నుంచి మతి పోయిన ముసలాయన.

ఆయన క్లార్నెట్ తీసుకొని వెళ్ళిపోయాక నేను తాతయ్యకు ఏడుస్తూ అంతా చెప్పాను. ఈకతో పెట్టింది, ఊదితే కూసింది, బస్సులో చెప్పనిది. కొడతాడనుకున్నాను. కొట్టాలని ఆశపడ్డాను కూడా. తాతయ్య తోలు పలక ముందు కూర్చొని ఉన్నాడు. తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు.

"ఆముదం బెడితె ఒర్లుడు ఆగుతదని నీకు చెప్పింది నేనే. చెప్పులకే గాని గీటికి కాదని చెప్పకపోతిని."

నేను, అబద్ధం చెప్పాను కదా తాతా అన్నాను.

"నిజం చెప్తె ఏమంటడో అని నీకు భయమైందంటె, గది గూడ నా దిక్కెల్లి వచ్చిందే."

ఆయన ఆ మాట నన్ను ఓదార్చడానికి అనలేదు. క్లార్నెట్‌లో చప్పుడు వెతికినట్టే దీన్నీ వెతికాడు. ముందు తనను చూసుకున్నాడు, అక్కడే ఏదో దొరికింది, అక్కడే ఆగిపోయాడు. నా దాకా రానే లేదు. ఎవరైనా నన్ను తిట్టి ఉంటే ఆ పూటకు తీరిపోయేదేమో. నా తప్పును కూడా ఆయనే తీసుకున్నాక నాకు దాన్ని దింపుకునే చోటు లేకుండా పోయింది.

ఆ పెళ్ళిళ్ళ కాలం చాలావరకు బయటివాళ్ళ ముందు నేను నోరు విప్పలేదు. ఇది నా రెండో తప్పు. మేళంలో వాళ్ళు తాతయ్య గురించి చెప్పుకొని నవ్వుకునేవారు. "మీ తాత రేపు డప్పుకు గూడ ఆముదం రాస్తడేమోరా" అని ఒకడు నాతోనే అన్నాడు. అంతకుముందు కొల్లాపూర్, సోమశిల వైపు నుంచి కూడా చెడిపోయిన వాయిద్యాలను బాగు చేయమని తాతయ్య దగ్గరికి తెచ్చేవారు. అవి రావడం ఆగిపోయింది. వసారాలో తోలు పలక ఒక్కటే మిగిలింది. తాతయ్య తాళాలు పట్టుకొని వెనక వరుసలో నడిచాడు.

కాలం ముగిసేముందు మా ఊళ్ళోనే ఒక పెళ్ళికి మాస్టర్ సాబ్ మేళం వచ్చింది. మధ్యాహ్నం పందిరి వెనక అందరూ అన్నాలకు కూర్చున్నారు. తాతయ్య చివరన కూర్చొని, అన్నం మెత్తగా పిసుకుతున్నాడు, నమలడానికి వీల్లేక. ఎవరో మళ్ళీ ఆముదం మాట ఎత్తి నవ్వారు. నేను పోయి మాస్టర్ సాబ్ విస్తరి ముందు నిలబడ్డాను.

"ఆముదం బెట్టింది మా తాత కాదు. నేను. నాకు కూయలేదని అబద్ధం గూడ నేనే చెప్పిన. గందుకే తాత పన్ను పీకిచ్చుకుండు."

ఎవరూ నవ్వలేదు. మాస్టర్ సాబ్ చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. చివర్నుంచి తాతయ్య గొంతు వినబడింది.

"సాలు, కూసో. బువ్వ తిను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన తన విస్తర్లోంచి ఒక ముద్ద తీసి నా ముందు పెట్టాడు.

ఆ వానాకాలం మాస్టర్ సాబ్ ఆ క్లార్నెట్‌ను తిరిగి పంపాడు, బాగు చేసి ఇమ్మని. నూనె తాగిన తోళ్ళన్నీ పెరికి, కొత్తవి తొడిగాం. గొంగడి బిళ్ళలు నేను కత్తిరించాను. పరీక్ష చేయాల్సి వచ్చినప్పుడు తాతయ్య నన్ను తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకున్నాడు. వెనకనుంచి రెండు చేతులూ చాచి మీటల మీద వేళ్ళు పెట్టాడు. నేను ఊదాను. ఊపిరి నాది, వేళ్ళు ఆయనవి. పెళ్ళి పాట కింది నుంచి పైకి ఎక్కింది. ఎక్కడా కూయలేదు. పాట అయిపోయినా ఆయన వేళ్ళు మీటల మీదనుంచి లేవలేదు. నా మెడ వెనక ఆయన ఊపిరి తగులుతూ ఉంది. ఆ ఊపిరి క్లార్నెట్‌లోకి పోవాల్సింది.

ఆ క్లార్నెట్ గద్వాలలో ఒక కుర్రవాడి చేతికి వెళ్ళింది. బాగానే వాయించాడు. అతని వెనక తాతయ్య తాళాలు కొట్టాడు, నడవగలిగినన్నాళ్ళూ. వాయిద్యాలు మాత్రం మళ్ళీ మా వసారాకు రావడం మొదలైంది. ఊదే పని నాది, వినే పని ఆయనది. ఆయన పోయిన తర్వాత రెండూ నావే అయ్యాయి. నేను మంచి వాయిద్యగాణ్ణి కాలేదు. కావడానికి ప్రయత్నించనూ లేదు. ముందు వరుసలో నిలబడే హక్కు నాకు లేదనిపించేది.

తాతయ్య లాగా ముందు నన్ను నేను చూసుకోవడం నాకు పూర్తిగా రాలేదు. నా భార్యతో, నా పిల్లలతో ఎన్నోసార్లు "నాది కాదు" అనే మాటే ముందు వచ్చింది. తర్వాత సిగ్గుపడి వెనక్కి తీసుకున్నవి కొన్ని, తీసుకోనివి చాలా. కాని ఒక్క చోట మాత్రం, ఈ వసారాలో, వాయిద్యం చేతికొచ్చినప్పుడు, కూస్తే కూసిందని చెబుతాను. నా వేలు తగిలి చెడితే నా వేలు తగిలి చెడిందని చెబుతాను.

ఈమధ్య అయిజ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పెళ్ళిళ్ళలో ఇప్పుడు స్పీకరు పెట్టెలే మోగుతున్నాయి, క్లార్నెట్‌ను పిలిచేది తక్కువ. అయినా ఆయనకు పీర్ల పండుగలో వాయించాలని ఉంది. కూస్తోందన్నాడు. "నా దమ్మే పోయిందేమో భాయ్. పండ్లు గూడ కదులుతున్నయి. పీకిచ్చి కట్టుడు పండ్లు పెట్టిచ్చుకుంటె పట్టు దొరుకుతదంటుండ్రు" అన్నాడు.

నేను క్లార్నెట్ అందుకోలేదు. ముందు ఆయన్ని కూర్చోబెట్టాను. "పండ్ల జోలికి పోకు. నేను చెప్పేదాక ఒక్క పన్ను గూడ ముట్టకు" అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన నవ్వి, మా ఊళ్ళో నీ గురించి నిజమే చెప్పిండ్రు, క్లార్నెట్ ఇస్తే ముందు పండ్లు చూస్తడని, అన్నాడు.

అవును, అలాగే చెప్పుకుంటారు. నాకు తెలుసు. ఎందుకో వాళ్ళకు తెలియదు. నేను బీడీ ముట్టించి, పొగ లోపలికి ఊదాను. వెనక బొటనవేలి మీట కింది నుంచి సన్నగా పొగ లేచింది. ఆయన చూడాలని క్లార్నెట్‌ను వెలుగులోకి తిప్పి పట్టుకున్నాను.